డిజిటల్ సంగీత సేకరణ నిర్వహణ

డిజిటల్ సంగీత సేకరణ నిర్వహణ అనగా కంప్యూటరులో ఫైళ్ళ రూపంలో ఉన్న పాటలను, కచేరీలను, ఇతర ధ్వని ముద్రణలను ఒక క్రమంలో అమర్చి, వాటికి తగిన వివరాలు జతచేసి, మీడియా ప్లేయరు సాఫ్ట్‌వేరులోనికి చేర్చి, కోరినప్పుడు సులభంగా వెదికి వినగలిగేలా ఉంచడం. విన్యాంప్, ఐట్యూన్స్, విండోస్ మీడియా ప్లేయర్, ఫూబార్2000, రిథమ్‌బాక్స్ మొదలైనవి ఇందుకు వాడుకలోనికి వచ్చిన సాఫ్ట్‌వేర్లలో కొన్ని. ఇటువంటి ప్లేయర్లు తమలో చేర్చిన పాటల పట్టికను ఒక డేటాబేసులో ఉంచుకుంటాయి. దీనిని లైబ్రరీ అంటారు.

పాటకు సంబంధించిన వివరాలు రెండు చోట్ల ఉండవచ్చును. ఒకటి పాట ఫైలులోనే. రెండవది ప్లేయరు సొంత డేటాబేసులో. మొదటి రకం వివరాలు ఫైలుతోపాటు ఏ కంప్యూటరుకైనా వెళ్తాయి. రెండవ రకం వివరాలు సాఫ్ట్‌వేరు మారినప్పుడో, కంప్యూటరు చెడిపోయినప్పుడో పోయే ప్రమాదం ఉన్నది. సంగీత సేకరణ నిర్వహణలోని ముఖ్యమైన పద్ధతులన్నీ ఈ భేదం మీదనే ఆధారపడి ఉన్నాయి.

చరిత్ర

కాంపాక్ట్ డిస్కు (సీడీ) 1982లో మార్కెట్టులోనికి వచ్చింది. ఇందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, రెండు ఛానళ్ళలో నమోదు చేస్తారు. ఈ లెక్కన అయిదు నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్ల స్థలం కావాలి. 1990లలోని ఇంటి కంప్యూటర్లకు ఇది పెద్ద భారమే. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ముఖ్యపాత్ర వహించి రూపొందించిన ఎంపీ3 పద్ధతి ఈ సమస్యను తీర్చింది. మనిషి చెవి అంతగా గుర్తించలేని అంశాలను విడిచిపెట్టడం ద్వారా, సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున అదే పాట అయిదు మెగాబైట్ల లోపే ఇమిడిపోతుంది.

1997లో విడుదలైన విన్యాంప్ ఎంపీ3 పాటలను సామాన్య వాడుకరులకు చేరువ చేసింది. ఆపిల్ సంస్థ సౌండ్‌జామ్ అనే సాఫ్ట్‌వేరును కొని, దాని ఆధారంగా 2001 జనవరిలో ఐట్యూన్స్‌ను విడుదల చేసింది. 2003లో ఇది విండోస్‌కు కూడా లభ్యమైనది. ఫైళ్ళను, ఫోల్డర్లను చూపడానికి బదులుగా పాటలను గాయకుడు, ఆల్బమ్, సంగీత రకం వంటి వివరాల ప్రకారం చూపే పద్ధతికి ఐట్యూన్స్ బహుళ ప్రచారం కలిగించింది. ఆ పద్ధతిలో వివరాలు సరిగా లేని పాట కంప్యూటరులో ఉన్నా కంటికి కనబడదు. అందువలన వివరాలు సరిదిద్దడం సేకరణదారులకు ముఖ్యమైన పని అయినది.

సీడీలు, పేర్ల పట్టికలు

సాధారణ సంగీత సీడీలో పాటల పేర్లు ఉండవు. పేర్లను నమోదు చేసే సీడీ-టెక్స్ట్ అనే ఏర్పాటు ఉన్నప్పటికీ చాలా సీడీలలో దానిని వాడలేదు. ఈ లోటును పూరించడానికి 1990లలో సీడీడీబీ అనే డేటాబేసు ఏర్పడింది. సీడీలో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో ఆ లెక్కలను బట్టి సీడీని గుర్తించి, పేర్లను అందించడం దీని పద్ధతి. ఆ పేర్లను వాడుకరులే స్వచ్ఛందంగా టైపు చేసి చేర్చారు. తరువాత ఇది గ్రేస్‌నోట్ అనే వాణిజ్య సంస్థగా మారి, వాడకంపై షరతులు వచ్చాయి. దీనికి ప్రత్యామ్నాయంగా మొదలైన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. 2000లో ప్రారంభమైన మ్యూజిక్‌బ్రెయిన్జ్ మాత్రం స్వచ్ఛంద సేవకుల కృషితో నడుస్తున్నది. దీని అనుబంధ సాఫ్ట్‌వేరు అయిన పికార్డ్, పాట ధ్వనిని బట్టి కూడా దానిని గుర్తించడానికి ప్రయత్నిస్తుంది.

ఇటువంటి పట్టికలు ఎప్పటికీ ఉంటాయన్న హామీ లేదు. వాటి నుంచి పొందిన వివరాలను ఫైళ్ళలోనే వ్రాసి ఉంచుకున్నవారికి మాత్రం అవి మూతపడినా నష్టం ఉండదు.

ట్యాగులు

ఫైలులో ధ్వనితోపాటు నమోదయ్యే వివరాలను ట్యాగులు అంటారు. ఎంపీ3 ఫైళ్ళకు ఐడీ3 అనే ట్యాగు పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ రూపొందించాడు. ఇందులో ఫైలు చివర 128 బైట్లు చేర్చుతారు. వాటి పంపకం ఇలా ఉంటుంది:

* గుర్తింపు – 3 బైట్లు
* పాట పేరు – 30 బైట్లు
* కళాకారుడు – 30 బైట్లు
* ఆల్బమ్ – 30 బైట్లు
* సంవత్సరం – 4 బైట్లు
* వ్యాఖ్య – 30 బైట్లు
* సంగీత రకం – 1 బైటు

సంగీత రకాన్ని ఒక అంకె రూపంలో వ్రాస్తారు. మొదట ఏర్పరచిన 80 రకాలలో కర్ణాటక సంగీతానికి గాని, హిందుస్తానీ సంగీతానికి గాని స్థానం లేదు. స్వరకర్తకు, గీత రచయితకు ప్రత్యేకమైన గడులు కూడా లేవు.

1998లో వచ్చిన ఐడీ3 రెండవ రూపం ఈ పరిమితులను తొలగించింది. ఇది ఫైలు మొదట్లో ఉంటుంది. దీనిలో స్వరకర్త, గీత రచయిత, పాట సాహిత్యం, ముఖచిత్రం మొదలైన అనేక గడులు ఉన్నాయి. వాడుకరి తానే పేరు పెట్టి కొత్త గడులను కూడా ఏర్పరచుకొనవచ్చును. ఒకే ఫైలులో రెండు రూపాల ట్యాగులూ ఉండవచ్చును. అవి పరస్పరం సరిపోలకపోతే ఒకే పాట ఒక ప్లేయరులో ఒక పేరుతో, మరొక ప్లేయరులో వేరొక పేరుతో కనిపిస్తుంది.

తెలుగు పాటల విషయంలో చిక్కులు

లిపి: ఐడీ3 మొదటి రూపం పశ్చిమ ఐరోపా భాషల లిపిని మాత్రమే దృష్టిలో ఉంచుకొని తయారైనది. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసినప్పుడు తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు అవసరం. "త్యాగరాజు" అనే పేరులో ఒత్తులు, గుణింతపు గుర్తులతో కలిపి తొమ్మిది సంకేతాలు ఉన్నాయి. అంటే 27 బైట్లు. 30 బైట్ల గడిలో ఈ ఒక్క పేరుతోనే స్థలం దాదాపు నిండిపోతుంది. కాబట్టి తెలుగు లిపిలో వివరాలు వ్రాయడానికి ఐడీ3 రెండవ రూపమే తగినది. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లతో టైపు చేసిన పేర్లు ఆ ఫాంటు లేని చోట అర్థం లేని అక్షరాలుగా కనబడతాయి; వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకోవాలి. కొన్ని పాత పరికరాలు, కారులోని ప్లేయర్లు తెలుగు అక్షరాలకు బదులుగా గళ్ళను లేదా ప్రశ్నార్థకాలను చూపుతాయి. ఇటువంటివి వాడేవారు ట్యాగులను తెలుగులో ఉంచి, ఫైలు పేరును ఆంగ్ల లిపిలో ఉంచుకోవడం ఒక మార్గం.

ఏకరూపత: ప్లేయరుకు పేర్ల వెనుక ఉన్న మనిషి తెలియదు, అక్షరాలు మాత్రమే తెలుసు. "ఎస్.పి.బాలు", "ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం", "ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం" అని మూడు విధాలుగా వ్రాస్తే ముగ్గురు గాయకులుగా చూపుతుంది. ఒక చుక్క, ఒక ఖాళీ తేడా ఉన్నా ఇదే జరుగవచ్చును. తెలుగు పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాసేటప్పుడు దీర్ఘాలను, ఒత్తులను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాయడం వలన ఈ చిక్కు మరింత పెరుగుతుంది. ముందుగా పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకొని, ఒక్కొక్క పేరుకు ఒకే రూపాన్ని పాటించడం దీనికి పరిష్కారం.

సినిమా పాటలు: ఆల్బమ్ అంతటికీ ఒకే కళాకారుడు ఉంటాడన్న భావన పాశ్చాత్య సంగీతం నుంచి వచ్చినది. తెలుగు సినిమాలో పాటపాటకూ గాయకులు మారుతారు. ఉదాహరణకు 1980లో విడుదలైన శంకరాభరణం చిత్రానికి సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్. గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్.జానకి, వాణీ జయరామ్. గీత రచన వేటూరి సుందరరామమూర్తి. అయితే త్యాగరాజు, భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల రచనలు కూడా చిత్రంలో ఉన్నాయి. కళాకారుడి గడిలో గాయకుల పేర్లు మాత్రమే వ్రాస్తే, కొన్ని ప్లేయర్లలో ఈ ఒక్క చిత్రం నాలుగైదు ఆల్బములుగా చీలిపోతుంది. దీనిని నివారించడానికి ఈ క్రింది అమరిక ఉపయోగపడుతుంది:

* ఆల్బమ్ – చిత్రం పేరు
* ఆల్బమ్ కళాకారుడు – సంగీత దర్శకుడు (అన్ని పాటలకూ ఒకటే)
* కళాకారుడు – ఆ పాట పాడినవారు
* స్వరకర్త – ఆ పాటకు బాణీ కట్టినవారు
* గీత రచయిత – ఆ పాట వ్రాసినవారు
* సంవత్సరం – చిత్రం విడుదలైన సంవత్సరం

సంవత్సరం గడిలో సీడీ వెలువడిన సంవత్సరం వ్రాయడం తరచుగా జరిగే పొరపాటు. 1950ల నాటి పాట 2000ల నాటి పాటగా కనబడడానికి కారణం ఇదే.

కర్ణాటక సంగీతం: కృతికి వాగ్గేయకారుడు, రాగం, తాళం ముఖ్యమైన వివరాలు. వాగ్గేయకారుని పేరును స్వరకర్త గడిలోను, ప్రధాన కళాకారుని పేరును కళాకారుడి గడిలోను వ్రాయవచ్చును. రాగ తాళాలకు సొంత గడులు ఏర్పరచుకొనే వీలున్నా, చాలా ప్లేయర్లు వాటిని చూపవు. ఫూబార్2000 వంటి కొన్ని మాత్రమే చూపగలవు. అందువలన పాట పేరు చివర రాగం, తాళం చేర్చడం ఎక్కడైనా పనికివచ్చే పద్ధతి. కచేరీ ముద్రణలో ఆలాపన, కృతి, తనియావర్తనం వేర్వేరు ఫైళ్ళుగా ఉన్నప్పుడు వాటి నడుమ చిన్న నిశ్శబ్దం వినబడవచ్చును. ఎంపీ3 పద్ధతిలో ఫైలు మొదట, చివర కొంత ఖాళీ చేరడం దీనికి కారణం. ఫ్లాక్ పద్ధతిలో ఈ లోపం లేదు.

క్యాసెట్ల నుంచి మార్పిడి

తెలుగు ఇళ్ళలోని సేకరణలలో క్యాసెట్లది పెద్ద భాగం. క్యాసెట్టు ప్లేయరును తీగ ద్వారా కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరుతో ధ్వనిని నమోదు చేస్తారు. ఇది నిజ కాలంలో జరిగే పని; 60 నిమిషాల క్యాసెట్టుకు 60 నిమిషాలు పడుతుంది. తరువాత ఒక్కొక్క వైపు ముద్రణను పాటలుగా విడదీయాలి.

ఈ ఫైళ్ళకు పేర్లు ఇచ్చే డేటాబేసు సాధారణంగా ఉండదు. పెట్టెపై ఉన్న కాగితం లేదా ముద్రించినవారి జ్ఞాపకమే ఆధారం. ఇంట్లో పెద్దలు పాడినవి, స్థానిక కచేరీలు, హరికథలు వంటి ముద్రణలకు వేరే ప్రతి కూడా ఉండకపోవచ్చును. పాడినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలు తెలిసినవారు ఉండగానే ట్యాగులలో నమోదు చేయాలి. ధ్వని మిగిలి వివరాలు పోతే ఆ ముద్రణ విలువ చాలావరకు తగ్గిపోతుంది.

ఫైళ్ళ రకాలు

ఎంపీ3, ఏఏసీ పద్ధతులలో కొంత ధ్వని సమాచారం శాశ్వతంగా పోతుంది. 2001లో వచ్చిన ఫ్లాక్‌లో ఏమీ పోదు. పరిమాణం మాత్రం ఎంపీ3 కంటే చాలా ఎక్కువ. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎన్నిసార్లైనా చేసుకొనవచ్చును. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినందువలన పోయినది తిరిగి రాదు. అందువలన మూలప్రతిని ఫ్లాక్‌లో, వినడానికి నకలును ఎంపీ3లో ఉంచుకోవడం మంచిది.

ఫోల్డర్ల అమరిక

రకం, చిత్రం లేదా కళాకారుడు, పాట అనే వరుసలో ఫోల్డర్లు ఏర్పరచడం సాధారణ పద్ధతి. పాటల సంఖ్యలను 01, 02 అని రెండు అంకెలతో వ్రాయాలి. లేకపోతే కొన్ని ప్లేయర్లలో 2 కంటే ముందు 10 వస్తుంది. ప్రశ్నార్థకం, కోలన్ వంటి గుర్తులను విండోస్ ఫైలు పేర్లలో అనుమతించదు. తెలుగు పేర్లను యూనికోడ్ సంఖ్యల వరుసలో అమర్చే సాఫ్ట్‌వేరులో "ళ" అక్షరం "ల" తరువాత, "ఱ" అక్షరం "ర" తరువాత వస్తాయి. ఇది బడిలో నేర్చే వర్ణమాల వరుస కాదు.

ప్లేయరులోనికి చేర్చడం

ప్లేయరు పాటలను రెండు విధాలుగా చేర్చుకుంటుంది.

* సూచన పద్ధతి: ఫైలు ఉన్నచోటనే ఉంటుంది. దాని చిరునామాను మాత్రమే లైబ్రరీ గుర్తుంచుకుంటుంది. ఫైలును వేరే చోటికి జరిపినా, పేరు మార్చినా ప్లేయరు దానిని కనుగొనలేకపోవచ్చును. ఐట్యూన్స్‌లో అటువంటి పాట పక్కన ఆశ్చర్యార్థకం కనబడుతుంది.
* నకలు పద్ధతి: ప్లేయరు తన సొంత ఫోల్డరులోనికి ఫైలును నకలు చేసుకుంటుంది. అసలు ఫైలు కూడా మిగిలి ఉంటే స్థలం రెట్టింపు అవుతుంది. ఫోల్డరును క్రమంలో ఉంచే పనిని ప్లేయరుకే అప్పగిస్తే, ట్యాగులను బట్టి అది ఫైళ్ళ పేర్లను కూడా మార్చవచ్చును.

రెండింటినీ కలిపి వాడితే ఒకే పాట రెండుసార్లు చేరి గందరగోళం ఏర్పడుతుంది. ముందుగా ఫోల్డర్లు అమర్చి, ట్యాగులు సరిదిద్ది, తరువాత ఒక ఆల్బమ్‌ను మాత్రమే చేర్చి చూసి, ఫలితం సరిగా ఉంటే మిగిలినవి చేర్చడం క్షేమకరం. పెద్ద సేకరణను ఒకేసారి చేర్చిన పిదప తప్పులు దిద్దడం ఎక్కువ శ్రమతో కూడిన పని.

సాఫ్ట్‌వేరు మారినప్పుడు

2019లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఐట్యూన్స్‌కు బదులుగా మ్యూజిక్ అనే సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టింది. పాత లైబ్రరీని అందులోనికి తెచ్చుకొనే వీలు కల్పించింది. అయితే వేరే సంస్థ ప్లేయరుకు మారేవారికి అటువంటి సౌకర్యం అన్ని వేళలా ఉండదు. ఐట్యూన్స్‌లో పాటకు ఇచ్చిన నక్షత్రాలు, ఎన్నిసార్లు విన్నారన్న లెక్క, పాటల జాబితాలు పాట ఫైలులో ఉండవు, లైబ్రరీలోనే ఉంటాయి. జాబితాలను ఎం3యూ రూపంలో విడిగా భద్రపరచుకొనవచ్చును. ఎం3యూ ఫైలులో పాటల చిరునామాలు వరుసగా ఉంటాయి. తెలుగు పేర్లు ఉన్నప్పుడు దీని యూటీఎఫ్-8 రూపాన్ని వాడాలి.

భద్రత

సేకరణకు కనీసం మూడు ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి ఇంటి వెలుపల ఉంచడం మంచిదని సూచిస్తారు. ఇంట్లో వ్రాసిన సీడీలలోని రంగుపొర కాలక్రమేణా చెడిపోతుంది కాబట్టి వాటినే ఏకైక ప్రతిగా నమ్మరాదు. ఫ్లాక్ ఫైలులో ధ్వనికి సంబంధించిన సరిచూపు సంఖ్య నమోదై ఉంటుంది. దాని సహాయంతో ఫైలు చెడిపోయినదీ లేనిదీ పరీక్షించవచ్చును. ప్లేయరు లైబ్రరీ ఫైలును కూడా ప్రతులలో చేర్చాలి.

చట్టం

భారతదేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం ధ్వని ముద్రణకు, అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాల రక్షణ ఉన్నది. పాట సాహిత్యానికి, స్వరరచనకు విడిగా హక్కులు ఉంటాయి. కాబట్టి పాత ముద్రణ అయినంత మాత్రాన దానిని ఇతరులకు పంచిపెట్టవచ్చునని భావించరాదు.

ఇవి కూడా చూడండి

* ఎంపీ3
* యూనికోడ్
* కాంపాక్ట్ డిస్కు
* కర్ణాటక సంగీతం