బుఖారీలు, పొగగొట్టాలు: చలికాలానికి ముందే శుభ్రత, తనిఖీ

కశ్మీర్ లోయలో డిసెంబర్ 21న మొదలయ్యే 40 రోజుల తీవ్ర శీతకాలాన్ని 'చిల్లై కలాన్' అంటారు. ఆ రోజుల్లో అనేక ఇళ్లలో గదిని వెచ్చబరిచేది రేకుతో చేసిన కట్టెల పొయ్యి, అంటే బుఖారీ. సిమ్లా, ముస్సోరీ వంటి పర్వత పట్టణాలలోని బ్రిటిష్ కాలపు భవనాలలో గోడలోనే కట్టిన పొయ్యిలు కనిపిస్తాయి. రూపం వేరైనా రెండింటికీ ప్రాణాధారం పొగగొట్టమే. అది పూడుకుపోతే వెచ్చదనం కోసం రాజేసిన నిప్పే ప్రాణాంతకమవుతుంది.

మసి వల్ల ముప్పు

కట్టెలు పూర్తిగా కాలనప్పుడు వెలువడే పొగలో నీటి ఆవిరి, తారువంటి పదార్థాలు ఉంటాయి. పొగ పైకి పోతూ చల్లబడినప్పుడు ఇవి గొట్టం లోపలి గోడలకు అంటుకుంటాయి. నల్లగా, జిగటగా పేరుకునే ఈ పదార్థమే క్రియోసోట్. ఇది సులభంగా అంటుకునే గుణం కలది. ఒకసారి రాజుకుంటే గొట్టం లోపల వేడి 1000 డిగ్రీల సెల్సియస్‌ను మించవచ్చు. పచ్చి కట్టెలు వాడినా, గాలి అందకుండా మంటను అణచి ఉంచినా క్రియోసోట్ త్వరగా పేరుకుంటుంది. అందువల్ల తేమ 20 శాతానికి లోపు ఉన్న ఎండు కట్టెలనే వాడాలి.

శుభ్రం చేసే విధానం

మంట ఆరి, పొయ్యి, గొట్టం పూర్తిగా చల్లారిన తరువాతే పని ప్రారంభించాలి. మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చిమ్నీలు శుభ్రం చేసే కార్మికులలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు మసి కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే గుర్తించారు.

బుఖారీ గొట్టాన్ని భాగాలుగా విడదీసి, ఆరుబయట బ్రష్‌తో తోమాలి. గోడలో కట్టిన చిమ్నీ అయితే ముందుగా పొయ్యి ముఖద్వారాన్ని గుడ్డతో మూసి, గొట్టం కొలతకు సరిపోయే బ్రష్‌ను పొడవాటి కడ్డీలకు అమర్చి తోమాలి. మసి అడుగుకు చేరాక నెమ్మదిగా ఎత్తివేయాలి. ఏటవాలు కప్పులపైకి, ముఖ్యంగా మంచు ఉన్నప్పుడు, ఎక్కే పనిని నిపుణులకే అప్పగించడం మేలు.

బూడిదలో నిప్పుకణికలు రోజుల తరబడి దాగి ఉండగలవు. దానిని మూత ఉన్న లోహపు పాత్రలోకి ఎత్తి, ఇంటికి దూరంగా ఉంచాలి. ప్లాస్టిక్ సంచి, చెక్క అరుగు, ఎండుగడ్డి దరిదాపులకు చేర్చరాదు.

తనిఖీలో చూడవలసినవి

ఏడాదికి ఒకసారైనా, చలికాలానికి ముందు, తనిఖీ జరగాలి. లోపల పేరుకున్న పొర 3 మిల్లీమీటర్ల మందానికి చేరితే వెంటనే తొలగించాలి. టార్చి వెలుగులో ఇటుకల పగుళ్లు, ఊడిన సున్నం, తుప్పు పట్టిన రేకు, వదులైన అతుకులు పరిశీలించాలి. పైభాగంలో పక్షి గూళ్లు, ఎండుటాకులు లేవని, గాలిమూత పూర్తిగా తెరుచుకుంటున్నదని నిర్ధారించుకోవాలి. రేకు గొట్టం చెక్క గోడకు, పైకప్పుకు తగలకుండా తగిన ఎడం ఉండాలి.

కనిపించని విషవాయువు

గొట్టం పూడుకున్నప్పుడు గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరుస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికలు కూడా తెలియవు. అందుచేత పడుకునే ముందు మంటను పూర్తిగా ఆర్పాలి. గదిలోకి కొంత గాలి వచ్చే మార్గం ఉంచాలి. పొగగొట్టమే లేని బొగ్గుల కుంపటిని మూసిన గదిలో ఎన్నడూ ఉంచరాదు. తెలుగు రాష్ట్రాల నుంచి విహారానికో, చదువుకో, ఉద్యోగానికో హిమాలయ ప్రాంతాలకు వెళ్లేవారికి బుఖారీ కొత్త గనుక, ఈ విషయం ముందుగా తెలుసుకోవడం అవసరం.

ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే తక్షణం ఆరుబయటకు చేర్చి వైద్యసహాయం పొందాలి. గొట్టంలో మంట హోరు వినిపిస్తే అందరూ బయటకు వచ్చి 112కు ఫోన్ చేయాలి. వేడెక్కిన చిమ్నీపై నీళ్లు పోయరాదు. ఒక్కసారిగా చల్లబడితే అది బీటలు వారుతుంది. అలా మంటలు రేగిన గొట్టాన్ని నిపుణులు పరీక్షించే వరకు తిరిగి వాడకూడదు.