కాగోషిమా: అగ్నిపర్వతమునకు ఎదురుగ వెలసిన నగరము

జపాను దేశమునందలి నాలుగు పెద్ద ద్వీపములలో దక్షిణపు కొసన ఉన్నది క్యూషూ. దాని దక్షిణ భాగమున, భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన ఒక అఖాతపు ఒడ్డున కాగోషిమా నగరము కలదు. విద్యార్థులు పటము ముందుంచుకొని ఈ నగరమునుండి పడమరగా అక్షాంశరేఖ వెంట వ్రేలు జరిపినచో, చైనా దేశమును దాటి మన పంజాబులోని అమృతసరమునకు చేరుదురు. రెండు నగరములును ఉత్తర అక్షాంశము 31.6 డిగ్రీల చెంతనే ఉన్నవి. కాని అమృతసరమునకు సముద్రము బహుదూరము. కాగోషిమాకు సముద్రము వాకిటనే ఉన్నది. ఆ నీటికి ఆవల, సుమారు 4 కిలోమీటర్ల దూరమున, 1,117 మీటర్ల ఎత్తున సకురాజిమా అగ్నిపర్వతము పొగలు క్రక్కుచుండును. దాదాపు 6 లక్షల జనులు నిత్యము దానిని చూచుచునే తమ పనులు చేసికొనుచుందురు. వెసూవియస్ పర్వతము చెంతనున్న ఇటలీ నగరము నేపుల్సుతో కాగోషిమా 1960లో సోదరనగర సంబంధము కలుపుకొన్నది.

అఖాతము ఎట్లు ఏర్పడినది?

ఈ అఖాతపు ఉత్తర భాగము నిజమునకు ఒక అగ్నిపర్వతపు నోరు. సుమారు 30 వేల సంవత్సరముల క్రిందట ఇచ్చట మహావిస్ఫోటనము జరిగి, భూగర్భమునందలి శిలాద్రవము పెద్ద మొత్తమున బయటపడినది. లోపల ఖాళీ యేర్పడగా పైకప్పు క్రుంగి, సుమారు 20 కిలోమీటర్ల వెడల్పుగల పల్లము మిగిలినది. ఇట్టి పల్లమును శాస్త్రజ్ఞులు కాల్డెరా అందురు. ఐరా కాల్డెరా అను ఈ పల్లములోనికి తరువాత సముద్రజలము ప్రవేశించినది. దాని దక్షిణపు అంచున సుమారు 26 వేల సంవత్సరముల క్రిందట పుట్టినదే సకురాజిమా.

నాటి విస్ఫోటనమున వెలువడిన నిప్పులవంటి బూడిదయు, నురుగురాళ్ళును దక్షిణ క్యూషూ అంతటను పరచుకొని పీఠభూములైనవి. తెల్లని ఆ మేటను అచ్చటివారు షిరాసు అందురు. షిరాసు నేల నీటిని నిలుపదు గనుక వరికి తగినది కాదు. 18వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ర్యూక్యూ ద్వీపములనుండి వచ్చిన చిలగడదుంప ఈ నేలలో చక్కగ పండి, జనులను ఆకలినుండి కాచినది. సకురాజిమా వాలులలో మాత్రము ప్రపంచమున కెల్ల పెద్దదని పేరొందిన ముల్లంగియు, మిక్కిలి చిన్నవైన కమలాపండ్లును పండును.

ఋతువులు, గాలులు, బూడిద

దక్షిణమున ఉండుటచేతను, వెచ్చని సముద్రప్రవాహము సమీపముననే పారుటచేతను కాగోషిమాలో చలి తక్కువ. సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 19 డిగ్రీల సెంటిగ్రేడు. సంవత్సరమునకు సుమారు 2,400 మిల్లీమీటర్ల వర్షము కురియును. అందు సుమారు 570 మిల్లీమీటర్లు ఒక్క జూను నెలలోనే పడును. త్సుయు అనబడు వానకారు అప్పుడు సాగుచుండును. దాని వెనుక టైఫూనుల కాలము వచ్చును.

వాన ఎక్కువైనపుడు షిరాసు కొండచరియలు కరగి కూలును. 1993 ఆగస్టు 6న కురిసిన కుంభవృష్టికి నగరమునందును, పరిసరములందును చరియలు విరిగిపడి, నదులు పొంగి, 49 మంది మరణించుటయో గల్లంతగుటయో జరిగినది. కొత్సుకి నదిపై 19వ శతాబ్దమున కట్టిన అయిదు రాతి వంతెనలలో రెండు నాడు కొట్టుకొనిపోయినవి. అగ్నిపర్వతము 30 వేల ఏండ్ల క్రిందట కుమ్మరించిన మేట నేటికిని ప్రాణములు తీయుచున్నదన్నమాట.

నగరవాసులకు గాలి దిక్కు తెలిసికొనుట నిత్యావసరము. చలికాలమున వాయవ్యపు గాలులు బూడిదను నగరమునకు దూరముగ, ఆగ్నేయముననున్న ఒసుమి ద్వీపకల్పము వైపు కొనిపోవును. వేసవిలో తూర్పుగాలి వీచినపుడు ఆ బూడిద నగరముపై రాలును. అందుచేత వాతావరణ వార్తలతోపాటు సకురాజిమా పైని గాలి ఎటు వీచుచున్నదో కూడ ప్రకటింతురు. బట్టలు ఆరవేయువారు ముందుగ ఆ వార్త చూచుకొందురు. వాకిట ఊడ్చిన బూడిదను నింపుటకు పురపాలకులు పసుపుపచ్చని సంచులు ఇత్తురు. 1955 అక్టోబరు నుండి దక్షిణ శిఖరము తరచుగ పేలుచునే ఉన్నది. ఒక్క 2011లోనే 996 పేలుళ్ళు లెక్కకు వచ్చినవి.

1914 జనవరి 12

నాటికి సకురాజిమా పేరునకు తగినట్లు నిజముగ ద్వీపమే. సుమారు 20 వేలమంది దానిపై నివసించుచుండిరి. జనవరి 11న భూకంపములు ఎడతెగక వచ్చినవి. కొండపై రాళ్ళు దొర్లినవి. తీరమున వేడినీళ్ళు ఉబికినవి. 1779లో 150 మందికి పైగా చనిపోయిన విస్ఫోటనమునకు ముందును ఇట్టి గుర్తులే కనిపించినవని పెద్దలు చెప్పగా విన్నవారు అనేకులు పడవలెక్కి ద్వీపము విడిచిరి.

ద్వీపమునకు తూర్పుననున్న గ్రామమున మాత్రము గ్రామాధికారి ఎదురుతీరముననున్న కాగోషిమా వాతావరణ పరిశీలనా కేంద్రమును పలుమారులు విచారించెను. సకురాజిమాలో విస్ఫోటనము జరుగదని సమాధానము వచ్చెను. ఆయన ఆ మాట నమ్మి, కదలవలదని జనులకు చెప్పెను. చదువుకొన్నవారు, శాస్త్రమును గౌరవించువారు ఆగిరి.

12వ తేది ఉదయము 10 గంటలు దాటగానే పడమటి వాలు పగిలినది. కొద్ది నిమిషములలో తూర్పు వాలును పగిలినది. మిగిలినవారిలో కొందరు చలికాలపు సముద్రమున దూకి మునిగిపోయిరి. ఆనాటి సాయంకాలము 7.1 పరిమాణము గల భూకంపము వచ్చి నగరమున ఇండ్లు, గోడలు కూలినవి. మొత్తము 58 మంది మరణించిరి లేక గల్లంతైరి; వారిలో దాదాపు సగము మంది భూకంపము వలన పోయినవారే. తూర్పు వాలునుండి పారిన లావా 400 మీటర్ల వెడల్పు, 70 మీటర్లకు పైగా లోతు గల జలసంధిని కొలది వారములలోనే పూడ్చివేసి, ద్వీపమును ఒసుమి ద్వీపకల్పముతో కలిపినది. కురొకామి గ్రామమున 3 మీటర్ల ఆలయద్వారము బూడిదలో కూరుకొనిపోగా, నేటికిని పైనున్న ఒక మీటరు మాత్రమే కనిపించుచున్నది.

శిలపై వ్రాసిన పాఠము

గ్రామాధికారి బ్రతికి బయటపడెను. తన మాట వలన పోయిన ప్రాణములను ఆయన మరువలేదు. ఆయన కోరిక ననుసరించి 1924లో, తరువాతి అధికారి హయాములో, అచ్చటి ప్రాథమిక పాఠశాల ఆవరణమున ఒక శిలాశాసనమును నిలిపిరి. ఈ పర్వతము మరల పేలక మానదనియు, ప్రజలు సిద్ధాంతములను నమ్ముకొని కూర్చుండక వింత గుర్తులు కనబడగానే తప్పించుకొను ఏర్పాటు చేసికొనవలెననియు, మంచి రోజులలోనే పొదుపు చేసి ఆపదకు సిద్ధపడి యుండవలెననియు అందలి సారాంశము. దీనికి లోకులు పెట్టిన పేరు, విజ్ఞానమును నమ్మరాదని చెప్పు శిల.

ఈ పేరు సమంజసమేనా? ఉపాధ్యాయులు తరగతిలో చర్చింపదగిన ప్రశ్న ఇది. నాడు ఆ కేంద్రమున ఉన్నది ఒకే ఒక పాత భూకంపలేఖిని. భూకంపపు తొలి అలకును, రెండవ అలకును నడుమ గల కాలమునుబట్టి కేంద్రము ఎంత దూరమో తెలియును. ఏ దిక్కుననో నిశ్చయముగ తెలియవలెనన్న కనీసము మూడు చోట్ల కొలతలు కావలెను. మూడు చోట్లనుండి గీసిన వృత్తములు కలిసిన తావే భూకంపకేంద్రము. ఒక్క యంత్రము తెలుపలేని దానిని ఆ కేంద్రము తెలిసినట్లు చెప్పినది. "ప్రమాదమునకు నిదర్శనము దొరకలేదు" అనుట వేరు, "ప్రమాదము లేదు" అనుట వేరు. మరి వేడినీటిని చూచి పారిపోయిన పల్లెవారు చేసినది ఏమి? కంటితో పరిశీలించుట, 1779 నాటి అనుభవముతో పోల్చుట. అదియు విజ్ఞానపద్ధతియే. కావున ఆ శిల నిందించునది విజ్ఞానమును కాదు. కొలత చాలనిచోట పలికిన నిశ్చయమును.

నేటి పరిశీలన

1914 తరువాత అఖాతము చుట్టునుగల నేల క్రుంగినట్లు సర్వేలు తెలిపినవి. ఆ కొలతలనుబట్టి 1958లో మోగీ అను శాస్త్రజ్ఞుడు, కాల్డెరా క్రింద సుమారు 10 కిలోమీటర్ల లోతున శిలాద్రవపు నిలువ ఉన్నదని లెక్కకట్టెను. ఆ నిలువ మరల నిండుచున్న కొలది నేల పైకి లేచుచు, నాడు కోల్పోయిన ఎత్తును చాలవరకు తిరిగి పొందినది. 1960 నుండి క్యోటో విశ్వవిద్యాలయపు పరిశోధనాకేంద్రము ఇచ్చట పనిచేయుచున్నది. సొరంగములలో అమర్చిన యంత్రములు కొండ ఒరపులోని అత్యల్పమగు మార్పును కూడ పసికట్టును.

2015 ఆగస్టు 15న కొండ త్వరితముగ ఉబ్బుట చూచి హెచ్చరిక స్థాయిని 4కు పెంచి, దగ్గరి ఇండ్లవారిని తరలించిరి. పెద్ద విస్ఫోటనము రాలేదు. 2022 జులై 24న రాళ్ళు 2.5 కిలోమీటర్ల దూరము ఎగిరిపడగా, అత్యున్నతమైన 5వ స్థాయి హెచ్చరిక ఇచ్చి మరల జనులను తరలించిరి. ఎవరికిని హాని కలుగలేదు. 2015లో తరలినవారు వృథాగ శ్రమపడిరని అనరాదు. తెలియనిది మిగిలియున్నపుడు ప్రాణరక్షణ వైపు మొగ్గుటయే ఆ శిల నేర్పిన పాఠము. సకురాజిమా బాలబాలికలు తలకు గట్టి టోపీలు పెట్టుకొని బడికి పోవుదురు. ఏటేట ద్వీపవాసులు తప్పించుకొనుటకు అభ్యాసము చేయుదురు. నేటి యంత్రముల వార్తయు, నాటి పెద్దల హెచ్చరికయు అచ్చట ఒకదానికొకటి తోడుగ నిలిచియున్నవి.