గోదావరి సీమలో అపరాధ పరిశోధన కథ

పాత కథను కొత్త కాలానికి, కొత్త నేలకు మార్చి చెప్పడాన్ని అనుసరణ అంటారు. గోదావరి సీమకు ఈ విద్య కొత్తది కాదు, ఎందుకంటే కందుకూరి వీరేశలింగం 1878లో ‘వివేకవర్ధని’లో ప్రకటించిన ‘రాజశేఖర చరిత్రము’ గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ప్రేరణతో పుట్టి, ధవళేశ్వరంలో స్థిరపడింది.

అపరాధ పరిశోధక కథ, అనగా ఆనవాళ్ళను పట్టుకుని తర్కంతో నేరం మూలానికి వెళ్ళే కథ, ఈ సీమ వారి చేతుల్లో తెరకెక్కిన తీరు మరింత ఆసక్తికరం. నరసాపురంలో పుట్టిన జంధ్యాల 1986లో మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయి’ని సినిమాగా మలచి, డిటెక్టివ్‌ను నవ్వించే మనిషిగా నిలిపారు. ‘పసలపూడి కథలు’ రాసిన దర్శకుడు వంశీ అంతకు ముందే, 1985లో, ‘అన్వేషణ’ తీశారు. అడవిలో జరిగే మరణాలను అందరూ పులికి అంటగట్టగా, పక్షుల కూతలపై పరిశోధనకు వచ్చిన యువతి ఆ భయం నడుమకు అడుగుపెడుతుంది. మృగం మీదికి నెట్టిన మరణాల వెనుక మనిషిని వెతకడం కానన్ డాయిల్ బాస్కర్‌విల్ నవలకూ ప్రాణమే. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని దీని అర్థం కాదు. బీబీసీ ‘షెర్లాక్’ ధారావాహిక 2012లో అదే నవలను తిరిగి చెబుతూ, పాత శాపం స్థానంలో సైనిక పరిశోధనాలయాన్ని నిలిపింది. ‘అన్వేషణ’కు మాత్రం అడవి చీకటి, ఇళయరాజా సంగీతం సరిపోయాయి.