రెండు సూర్యోదయాల ప్రయాణం

ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్ నుంచి శ్రీలంక దక్షిణ కొసన ఉన్న కొగ్గలకు ఆకాశమార్గాన దూరం 5,600 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పటి జెట్ వేగంతో లెక్కేస్తే సుమారు ఏడు గంటల ప్రయాణం. 1943లో అదే దూరానికి 27 నుంచి 33 గంటలు పట్టేది. మధ్యలో ఎక్కడా దిగేది లేదు. కింద అంతా హిందూ మహాసముద్రమే.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైంది. దాంతో ఆస్ట్రేలియా నుంచి బ్రిటన్‌కు వెళ్లే విమాన మార్గం తెగిపోయింది. దాన్ని మళ్లీ కలిపే పనికి క్వాంటాస్ సంస్థ కాటలీనా విమానాలతో పూనుకుంది. నీటి మీద నుంచే లేచి, నీటి మీదే వాలే విమానాలివి. పెర్త్‌లో స్వాన్ నది, కొగ్గలలో అక్కడి సరస్సు వీటికి రన్‌వేలు.

ఒక్కో విమానానికి ఉన్నవి రెండే ఇంజిన్లు. అదనపు ట్యాంకుల నిండా ఇంధనం నింపుకొని, దాదాపు 16 టన్నుల బరువుతో లేవాలి. అందుకే లోపల తీయగలిగినవన్నీ తీసేశారు. అంత చేసినా ముగ్గురు ప్రయాణికులకు, 69 కిలోల ఉత్తరాలకు మాత్రమే చోటు మిగిలింది. బయలుదేరిన తొలి గంటల్లో ఒక్క ఇంజిన్ ఆగినా, ఆ బరువుతో గాల్లో నిలవడం అసాధ్యం.

జపాన్ విమానాలు గస్తీ తిరిగే ప్రాంతాన్ని చీకట్లోనే దాటాలి. ఉనికి బయటపడుతుందని రేడియోలో నోరు మెదపకూడదు. దారి చెప్పేవి చుక్కలే. నావిగేటర్ సెక్స్‌టంట్‌తో నక్షత్రం ఎత్తు కొలిచి, గడియారం చూసి, మ్యాపు మీద తామున్న చోటు గుర్తించేవాడు. ఈ మార్గంలో తిరిగిన ఐదు విమానాలకూ నక్షత్రాల పేర్లే పెట్టారు: ఆల్టెయిర్, వేగా, రీగెల్, అంటారెస్, స్పైకా.

గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో సాగే ఆ ప్రయాణంలో సూర్యోదయం రెండుసార్లు కనిపించేది. అందుకే ఈ సర్వీసుకు ‘డబుల్ సన్‌రైజ్’ అన్న పేరొచ్చింది. ఇరవై నాలుగు గంటలకు మించి గాల్లో ఉన్నందుకు ప్రయాణికులకు ఒక ధ్రువపత్రం కూడా ఇచ్చేవారు.

1945 జులై దాకా ఈ విమానాలు సముద్రాన్ని 271 సార్లు దాటాయి. ఒక్కటీ దారిలో కూలిపోలేదు. అయితే అవి అమెరికా అరువుగా ఇచ్చినవి. ఆ ఒప్పందం షరతుల ప్రకారం యుద్ధం ముగిశాక వాటిని సముద్రంలో ముంచేశారు.

2018 మార్చిలో అదే పెర్త్ నుంచి క్వాంటాస్ బోయింగ్ 787 విమానం ఎక్కడా ఆగకుండా, దాదాపు 14,500 కిలోమీటర్లు ఎగిరి, సుమారు 17 గంటల్లో లండన్ చేరింది. సిడ్నీ నుంచి లండన్‌కు నేరుగా ఎగిరే పథకానికి ఆ సంస్థ ‘ప్రాజెక్ట్ సన్‌రైజ్’ అని పేరు పెట్టింది ఆ పాత ప్రయాణాల గౌరవార్థమే. ఇవాళ టికెట్ మీద ప్రయాణ సమయాన్ని నిమిషాలతో సహా అచ్చు వేయగలుగుతున్నాం. ఆ భరోసా యంత్రాలు మాత్రమే ఇచ్చింది కాదు. ఏ గంటకు చేరతామో, అసలు చేరతామో లేదో తెలియకుండానే బయలుదేరిన ఆ సిబ్బందికీ అందులో వాటా ఉంది.