ముల్కీ నిబంధనలు, స్థానికత

హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ కొలువులు సంస్థాన వాసులకే దక్కాలని నిజాం ప్రభుత్వం చేసిన నియమాలకు ముల్కీ నిబంధనలని పేరు. దేశవాసి ముల్కీ, బయటినుంచి వచ్చినవాడు గైర్ ముల్కీ. సంస్థానం అంతరించినా ఈ తేడా అంతరించలేదు. 1973లో నిబంధనలు రద్దయ్యాక ముల్కీ స్థానంలోకి రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 'స్థానిక అభ్యర్థి' వచ్చాడు. భారత రాజ్యాంగం దేశం మొత్తానికీ ఒకే పౌరసత్వాన్ని ఇచ్చింది, రాష్ట్ర పౌరసత్వం అనేదే లేదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగానికో కాలేజీ సీటుకో దరఖాస్తు పెట్టేవాళ్లు తాము ఏ జిల్లావాళ్లో, ఏ జోన్‌వాళ్లో కాగితాలతో రుజువు చేసుకోవలసిందే. చూడబోతే ఇది చట్టం పేరు పెట్టని రెండో పౌరసత్వం.

సంస్థాన కాలం

1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ జిల్లాలు, రెవెన్యూ శాఖ, న్యాయస్థానాలు కొత్త పద్ధతిలో నెలకొల్పాడు. వాటిని నడపడానికి బ్రిటిష్ ఇండియా పాలన తెలిసినవాళ్లు కావలసివచ్చారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహసిన్-ఉల్-ముల్క్ బిరుదు పొందిన సయ్యద్ మెహదీ అలీ, చిరాగ్ అలీ వంటి ఉత్తరాదివారు అలా వచ్చినవారే. 1883లో సాలార్ జంగ్ చనిపోయాక అధికార భాష పార్సీ నుంచి ఉర్దూకు మారడం వారికి ఇంకా కలిసొచ్చింది. తరతరాలుగా దర్బారును నమ్ముకున్న దక్కనీ కుటుంబాలకు తమ కొలువులు చేజారిపోతున్నాయన్న కడుపుమంట మొదలైంది. ఈ తొలి తగాదాలో తెలంగాణ పల్లెలకు చోటే లేదు. ఇది నగరంలో ఉర్దూ, పార్సీ చదువుకున్న పైతరగతి మధ్య జరిగిన ఉద్యోగాల పోటీ. తర్వాతి కాలంలో ముల్కీ మాటను సొంతం చేసుకున్న తెలుగు విద్యార్థుల తాతలు ఆనాడు ఏ పక్షంలోనూ లేరు.

1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో నిబంధనలు స్థిరపడ్డాయి. ముల్కీ కానివాణ్ని పెద్ద ఉద్యోగంలోగానీ చిన్న ఉద్యోగంలోగానీ పెట్టాలంటే నిజాం ప్రత్యేక అనుమతి ఉండాలి. పుట్టుకతో సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. ముల్కీ భార్య కూడా ముల్కీయే. తాను పుట్టేనాటికి తండ్రి పదిహేనేళ్ల సర్కారు నౌకరీ పూర్తిచేసి కొలువులో కొనసాగుతూ ఉంటే ఆ బిడ్డా ముల్కీయే. ఇక బయటినుంచి వచ్చినవాడు కనీసం 15 ఏళ్లు సంస్థానంలో స్థిరనివాసం ఉండి, సొంతవూరికి తిరిగివెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇస్తే ముల్కీ కావచ్చు. ఎన్నేళ్లున్నావన్న లెక్క ఒక్కటే సరిపోలేదు, మనసు ఎక్కడుందో కూడా చెప్పాలి. తర్వాత వచ్చిన ఏ చట్టమూ ఈ రెండో ప్రశ్న అడిగే ధైర్యం చేయలేదు.

1935లో ఏర్పడిన నిజాం ప్రజల సంఘం హైదరాబాద్ హైదరాబాదీలదేనన్న నినాదంతో పనిచేసింది. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ అందులో ఉన్నారు. మతాన్ని పక్కనబెట్టి ప్రాంతం మీద నిలబడిన ఆ రాజకీయం ఎక్కువకాలం సాగలేదు. 1940లలో మతమే ముందుకొచ్చింది.

ఒకే పౌరసత్వం, ఒక మినహాయింపు

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. మూడు నెలలు తిరక్కముందే ఢిల్లీలో రాజ్యాంగ సభ పౌరసత్వం గురించి, సర్కారీ ఉద్యోగాల గురించి చర్చించింది. అమెరికాలో లాగా రాష్ట్రానికొక పౌరసత్వం ఇక్కడ ఉండదని అంబేడ్కర్ నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూనే చెప్పారు. జన్మస్థలం, నివాసం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్ష పనికిరాదన్నది 16వ అధికరణంలోకి వచ్చింది. అయితే నివాస షరతు పెట్టే వీలు కొంతైనా ఉండాలని సభలో పలువురు కోరారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రతిపాదించిన సవరణ ఆ వీలును కల్పిస్తూనే, దాన్ని రాష్ట్ర శాసనసభల చేతికి ఇవ్వకుండా పార్లమెంటుకు అప్పగించింది. ఏ సంబంధమూ లేని చోటికి వచ్చి మంచి ఉద్యోగాలు ఏరుకుపోయేవాళ్లను అనుమతించలేమని అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. ఒకే పౌరసత్వం గురించి మాట్లాడిన మనిషే ఈ మాటా అన్నాడు. రెంటికీ మధ్య ఉన్న ఒరిపిడి 16(3) అనే చిన్న ఉపక్లాజులో ఇమిడిపోయింది. అప్పటికే అమల్లో ఉన్న నివాస నియమాలు పార్లమెంటు మార్చేదాకా కొనసాగుతాయని 35(బి) చెప్పింది. ఆ మాట విలువ ఎంతో 24 ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు.

1952 నుంచి 1969 దాకా

సైనిక ప్రభుత్వమూ, ఆ తర్వాత ముఖ్యమంత్రి వెల్లోడి ప్రభుత్వమూ మద్రాసు రాష్ట్రం నుంచీ ఇతర చోట్ల నుంచీ ఉద్యోగులను తెచ్చాయి. ఉర్దూలో సాగిన కచేరీలు ఇంగ్లీషులోకి మారుతున్న కాలం. ఉర్దూ మీడియంలో చదివిన స్థానిక యువకుడికి అది రెట్టింపు నష్టం. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం ఏర్పడిన కొన్ని నెలలకే, 1952లో, వరంగల్‌లో మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాద్‌కు పాకింది. 'నాన్-ముల్కీ గో బ్యాక్', 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్నవి వీధుల్లో వినిపించిన నినాదాలు. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ పరిసరాల్లో పోలీసు కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు.

రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 నివేదికలో తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల ఆమోదంతో కలపవచ్చని సూచించింది. అలా జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో రెండు ప్రాంతాల నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం షరతుగా ఉంది. మర్నాటి ప్రభుత్వాన్ని కట్టిపడేసే చట్టబలం దానికి లేదు. 1957లో పార్లమెంటు ప్రభుత్వోద్యోగ నివాసార్హత చట్టం చేసింది. దేశమంతటా పాత నివాస నియమాలను రద్దుచేసి, తెలంగాణకూ హిమాచల్‌ప్రదేశ్, మణిపూర్, త్రిపురలకూ మాత్రం కొంతకాలం రక్షణ కొనసాగించింది. 1959లో నియమాలు వచ్చాయి. గడువును 1964లో పొడిగించారు.

రక్షణలు కాగితాల్లోనే ఉన్నాయన్న ఆగ్రహం 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మంలలో మొదలై తెలంగాణ అంతటా మంటలైంది. అఖిలపక్ష ఒప్పందం ప్రకారం జనవరి 21న ప్రభుత్వం 36వ నంబరు జీవో ఇచ్చింది, స్థానికేతరులను వెనక్కి పంపాలని. మార్చి 28న సుప్రీంకోర్టు ఆ పునాదినే తీసేసింది. ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం చెప్పిందేమంటే, పార్లమెంటు ఒక రాష్ట్రంలో నివాసాన్ని షరతు పెట్టవచ్చు, ఆ రాష్ట్రంలో ఒక భాగంలో నివాసాన్ని పెట్టకూడదు. తెలంగాణ విడి రాష్ట్రంగా ఉంటే చెల్లే రక్షణ, ఆంధ్రప్రదేశ్‌లో భాగమైనందుకు చెల్లదన్నమాట. ప్రత్యేక రాష్ట్రవాదానికి దీనికంటే గట్టి వాదనను ఏ ఉద్యమ నాయకుడూ తయారుచేయలేకపోయేవాడు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచింది.

1972: తిరగబడిన తీర్పు

1957 చట్టంలో రక్షణ కొట్టుడుపోయింది సరే, మరి ఆ చట్టం రద్దు చేసిన పాత ముల్కీ నిబంధనల సంగతేమిటి? 1972 ఫిబ్రవరిలో హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అవి చెల్లవంది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు, పరిశ్రమల డైరెక్టర్ వర్సెస్ వి. వెంకటరెడ్డి కేసులో, చెల్లుతాయంది. కొత్త రక్షణ కూలినప్పుడు దానితో ముడిపడిన రద్దు కూడా కూలినట్టే కనుక, నిజాం నియమాలు 35(బి) కింద బతికే ఉన్నాయని తేలింది.

తెలంగాణలో తీర్పును పండుగలా జరుపుకున్నారు. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దాన్ని స్వాగతించారు. కోస్తా, రాయలసీమల్లో ఉద్యోగులూ విద్యార్థులూ రోడ్డెక్కారు. వారి బాధలోనూ న్యాయముంది. రాజధాని అందరిదీ, పన్నులు అందరివీ, కానీ ఆ రాజధానిలో గుమాస్తా ఉద్యోగానికి తమ పిల్లలు పరాయివాళ్లు. కాబట్టి ఉమ్మడి రాష్ట్రమే వద్దన్నది జై ఆంధ్ర ఉద్యమ వాదన. మూడేళ్ల కిందట తెలంగాణ కోరిందీ అదే విభజన. నవంబరు 27న ఇందిరాగాంధీ మధ్యేమార్గం ప్రకటించారు. నాన్-గెజిటెడ్ ఉద్యోగాలకూ, తహసీల్దారు, జూనియర్ ఇంజనీరు, సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకూ మాత్రమే ముల్కీ నిబంధనలు వర్తిస్తాయి. హైదరాబాద్ నగరంలో 1977 చివరికి, మిగతా తెలంగాణలో 1980 చివరికి ముగుస్తాయి. ఆమేరకు డిసెంబరులో చట్టమూ వచ్చింది. ఎవరూ శాంతించలేదు. ఉద్యమానికి పెద్దదిక్కైన కాకాని వెంకటరత్నం ఆ డిసెంబరులోనే మరణించారు. 1973 జనవరిలో పి.వి. రాజీనామా చేయగా రాష్ట్రపతి పాలన వచ్చింది.

371-డి, జోన్లు

1973 సెప్టెంబరు 21న కుదిరిన ఆరు సూత్రాల పథకం తెలివైన ఎత్తు. తెలంగాణ ఒక్కదానికి ఉన్న రక్షణను తీసేసి, రాష్ట్రమంతా ముక్కలుచేసి, ప్రతి ముక్కకూ రక్షణ ఇచ్చింది. ముల్కీ నిబంధనలు, పెద్దమనుషుల ఒప్పందంతో వచ్చిన తెలంగాణ ప్రాంతీయ సంఘం రద్దయ్యాయి. 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి, 371-ఇ వచ్చాయి. సుప్రీంకోర్టు పార్లమెంటుకు కుదరదన్న పనిని ఇప్పుడు రాజ్యాంగమే రాష్ట్రపతికి అప్పగించింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 371-ఇ ఫలితం.

1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించాయి. నాలుగు కోస్తా, సీమలకు, రెండు తెలంగాణకు. లోయర్ డివిజన్ క్లర్కు, ఆ దిగువ స్థాయి పోస్టులకు జిల్లా స్థానిక ప్రాంతం, 80 శాతం స్థానికులకు. ఆ పైనున్న నాన్-గెజిటెడ్ పోస్టుల్లో జోన్ వారికి 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం. విద్యాసంస్థల ప్రవేశాల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు స్థానిక ప్రాంతాలయ్యాయి, 85 శాతం సీట్లు వారికి. రాష్ట్రస్థాయి సంస్థల్లో 42:36:22 అన్న నిష్పత్తిని ఓ తరం ఎంసెట్ విద్యార్థులు కంఠతా పట్టారు.

అసలు మార్పు వేరే చోట ఉంది. స్థానికుడు ఎవరన్నదానికి పుట్టుకనూ ప్రమాణపత్రాన్నీ వదిలి బడిని కొలబద్ద చేశారు. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడివాడు. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువకాలం ఎక్కడుంటే అక్కడివాడు. పదో తరగతి ప్రమాణమైన ఉద్యోగానికి నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్ల కట్ట పట్టుకు తిరగడం ఇలా మొదలైంది. తాత ఏ వూరివాడైనా ఫరవాలేదు. ఇందులో ఒక ఉదారత ఉంది. వలస వచ్చిన కుటుంబంలోని పిల్ల ఒక తరంలోనే స్థానికురాలవుతుంది. ఒక లొసుగూ ఉంది: బడి రికార్డు ఎంత నిజమో స్థానికత అంతే నిజం.

అమలు మరో కథ. మిగిలిన 20, 30, 40 శాతం నిజానికి అందరికీ తెరిచివున్న పోటీ. దాన్ని స్థానికేతరుల కోటాగా నడిపారని 2001లో నియమితమైన గిర్‌గ్లానీ సంఘం తేల్చింది. అంతకుముందే ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610 జీవో జారీచేసి, అయిదు, ఆరు జోన్లలో అక్రమంగా నియమితులైన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా పంపించాలంది. ఆ గడువు దాటి రెండు దశాబ్దాలు గడిచినా 610 ఎన్నికల హామీగానే మిగిలింది. ఉత్తర్వుల్లోని 14-ఎఫ్ పేరా హైదరాబాద్ నగర పోలీసు పోస్టులను మినహాయించింది. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును నిలబెట్టడంతో 'హైదరాబాద్ ఫ్రీ జోన్' అన్న మాట రగిలింది. నవంబరు 29న కె. చంద్రశేఖర్‌రావు నిరాహారదీక్షకూ, తెలంగాణ రాష్ట్ర ఏర్పాటుపై కేంద్రం చేసిన డిసెంబరు 9 ప్రకటనకూ దగ్గరి కారణం అదే.

విభజన తర్వాత

2014 జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. రాష్ట్రం వస్తే స్థానికత గొడవ తీరుతుందనుకున్నవారికి 371-డి రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగడం వింతగా తోచింది. తెలంగాణ నుంచి కొత్త ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్లిన కుటుంబాల పిల్లలు ఎక్కడి స్థానికులన్నది వెంటనే తలెత్తిన చిక్కు. నిర్ణీత గడువులోగా తరలివెళ్లినవారిని ఆంధ్రప్రదేశ్ స్థానికులుగా గుర్తించేలా 2016లో ఉత్తర్వులు సవరించి, ఆ గడువును పొడిగిస్తూ పోయారు.

తెలంగాణ కోసం 2018 ఆగస్టులో వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పరచి, స్థానిక కోటాను 95 శాతానికి పెంచాయి. బడి లెక్క ఒకటి నుంచి ఏడో తరగతికి జరిగింది. పాత పది జిల్లాలు ముప్పైకి పైగా అయ్యాయి గనుక స్థానికుడి ఊరూ చిన్నదైంది. ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయిస్తూ 2021 డిసెంబరులో ఇచ్చిన 317 జీవో మీద ఉపాధ్యాయులు ధర్నాలు చేశారు. ఎన్నో ఏళ్లుగా పనిచేసిన చోటినుంచి పక్క జిల్లాకు వెళ్లవలసి వచ్చినవారు, వేర్వేరు జిల్లాల్లో పడ్డ దంపతులు ఈసారి గైర్ ముల్కీలు కారు. ఇరుపక్షాలూ తెలంగాణవారే.

పూర్వపు సంస్థానంలోని కన్నడ జిల్లాలకు కూడా 2012 సవరణతో 371-జె దక్కింది. జమ్మూకశ్మీర్‌లో మహారాజు హరిసింగ్ 1927లో తెచ్చిన ప్రజార్హత నియమాలకు వారసులైన హక్కులు 2019లో రద్దయ్యాక, 2020లో వచ్చిన నివాస నియమాలు పదిహేనేళ్ల నివాసాన్నో, అక్కడి బడిలో చదువునో అడుగుతున్నాయి. రెండు కొలతలూ హైదరాబాద్‌కు పాత పరిచయాలే. ప్రైవేటు పరిశ్రమల్లో స్థానికులకు 75 శాతం అంటూ ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

ప్రస్తుతం వేడిగా ఉన్నది వైద్య విద్య. తెలంగాణ 2024లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలో చదివినవారే స్థానికులని నియమం పెట్టింది. ఇంటర్‌కూ నీట్ కోచింగ్‌కూ విజయవాడ వెళ్లిన తెలంగాణ పిల్లలు దానితో స్థానికేతరులయ్యారు. హైకోర్టు వారికి ఊరటనిచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు రాష్ట్ర నియమాన్నే సమర్థించింది.