చెట్టు క్రింది కల్లు, సర్కారు చట్టము

నేను కల్లు రుచి యెరుగనివాడను. మా యింట అది నిషిద్ధము. అయినను చేవెళ్ళ ప్రాంతపు బడులలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పితిని. నా శిష్యులలో గౌడుల బిడ్డలు పెక్కుమంది. ఆ చెట్టు చరిత్ర తెలియక ఆ పిల్లల కష్టసుఖములు తెలియవు. కావున నేడు దానిని గూర్చి ముచ్చటింతును.

హైదరాబాదునుండి బీజాపురము పోవు బాట మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు వచ్చును. ఆదివారము వచ్చిన చాలు, నగరవాసుల మోటారుబండ్లు తాళ్ళ నీడను నిలుచును. చిలుకూరు బాలాజీ దర్శనము చేసికొని మరలువారును కొందరు నిలుతురు. నేను చూచితిని గాని పేర్లు చెప్పను. గీతగాడు మోకుతో చెట్టుదిగి, లొట్టి వంచి, తాటాకు రేకలో పోయును. పండించినవాడే అతిథికి వడ్డించు వ్యాపార మిది. ఇందులో సర్కారునకేమి పని యని మీ రడుగవచ్చును.

పనియున్నది. కల్లు గడియ గడియకు మారు పదార్థము. లొట్టికి లోపల సున్నము పూసినచో తెల్లవారుజామున తీయని నీరా దిగును. సున్నము లేనిచో పొద్దెక్కిన కొలది పులియును, మరునాటికి పుల్లనీరగును. పశ్చిమ సముద్రతీరములందు ఆలిచిప్పలు పెంచి, తమ మడుగుల కడకు వచ్చినవారికి అక్కడనే వడ్డించువారి విషయమునను ప్రభుత్వములకు ఇట్టి చిక్కే గలదు. చెడుట త్వరితము, త్రాగువాడు తినువాడు క్రొత్తవాడు. తప్పు జరిగిన నెవరిని పట్టుకొనవలెను?

కౌటిల్యుడు ఈ ప్రశ్ననే వేసికొనెను. అర్థశాస్త్రము అధ్యక్షప్రచారమున సురాధ్యక్షుడను నుద్యోగి గలడు. అది తాటికల్లును గూర్చినది కాదు, సురను గూర్చినది. అయినను నీతి యొకటే. పానాగారములు పెక్కు గదులు గలవై, పడకలు, ఆసనములు, పుష్పములు, నీరు అమరియుండవలెను. సురను గ్రామమునుండి వెలుపలికి కొనిపోరాదు. దుకాణములు దగ్గరదగ్గర నుండరాదు. ఉత్సవములకు నాలుగు దినముల సెలవు గలదు. త్రాగినవాని సొమ్ము ఆ యింట పోయినచో వర్తకుడే దాని నిచ్చుకొని, అంత జుల్మానా చెల్లింపవలెను. ఈ కడపటి మాట నాకు మిక్కిలి నచ్చినది. వడ్డించువాని మీదనే బాధ్యత మోపుట యన నిది.

నిజాము కాలమున ఆ బాధ్యత జారిపోయినది. ఫసలీ 1316లో, అనగా 1906–07లో, హైదరాబాదు అబ్కారీ చట్టము వచ్చెను. (ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చునని మా గురువుగారు చెప్పిన లెక్క.) చెట్టు రైతు పొలములో నున్నను గీయుటకు సర్కారు అనుమతి కావలెను. గుత్తలు వేలము వేయుదురు. గుత్తేదారు పాడుకొనును, చెట్టెక్కువాడు కూలియగును. అబ్కారీ సర్కారు ఆదాయములో పెద్ద పద్దు. కాబట్టి చెట్టునకు లెక్కయుండెను గాని, త్రాగువానికి లెక్క లేకుండెను.

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చిన పిదప గీతపనివారి సహకారసంఘములకును, గీయువాని పేరనే యిచ్చు లైసెన్సులకును చోటు కలిగినది. ఇది నా మతమున గొప్ప మార్పు. చెట్టునకును రేకకును నడుమ నెవడును లేకుండుటయే ఉత్తమమైన నిబంధన. దూరము పెరిగినచో కల్లు చాలదు. చాలనిచోట క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుదురు. 2004లో హైదరాబాదు నగరమున మూయబడిన కల్లుదుకాణములు 2014లో మరల తెరచుకొన్నవి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. చెట్టు లేని నగరమునకు అంత కల్లు ఎచ్చటినుండి వచ్చుచున్నదని ముందుగా నడుగవలసినవారు అడిగిరా?

నా శిష్యుడొకడు మొయినాబాదు దాపున గీత గీయుచున్నాడు. ఈ మాట వానితో ననగా వాడు, “సారూ, చెట్టు కింద నేను నీళ్ళు కలిపినా పొద్దుగూకేసరికి ఊరంతా తెలుస్తది. నా మొఖం చూసి తాగుతరు గద!” యనెను. వాని మాటలో సగము నిజము. ఊరివాడు మొగము చూచి త్రాగును. నగరమునుండి వచ్చినవాడు చెట్టును చూచి త్రాగును. మరల రాడు. అట్టివాని కొరకైనను తనిఖీయుద్యోగి చెట్టు క్రిందికి రావలెను. దుకాణమున కూర్చుండి నమూనా పట్టిన చాలదు.

సర్కారు కొన్ని మేలులును చేసినది. 2019లో నీరా విధానము ప్రకటించెను. 2023లో హుస్సేనుసాగరపు టొడ్డున నీరా కేఫు తెరచెను. 2024 జూలై 14న మన రంగారెడ్డి జిల్లాలోనే, లష్కర్‌గూడలో, చెట్టెక్కువారికి కాటమయ్య రక్షణకవచములు పంచెను. బడిలో నా యెదుట కూర్చున్న యొక పిల్లవాని తండ్రి చెట్టుపైనుండి పడి నడుము విరిగి, పదునొకండేండ్లు మంచము పట్టెను. ఆ కవచము అప్పుడుండిన నెంత బాగుండెడిది!

ఇక చెట్టు సంగతి. జంటజలాశయముల రక్షణకై 1996లో వచ్చిన 111వ ఉత్తరువు పెద్దకట్టడములను కొంత నాపినను, పొలములు చేతులు మారుట నాపలేదు. గోడలు లేచినవి. నా శిష్యుని లైసెన్సులోని చెట్లలో నాలుగు ఇప్పుడొక తోట గోడకు లోపలనున్నవి. కావలివాడు వానిని లోనికి పోనీయడు. సర్కారు వేసిన నంబరు మాత్రము గోడమీదుగా కనబడుచున్నదట.