ఆంటిగ్వాలో వ్యాకరణ పాఠాలు

మాయా భాషలకు తొలి వ్యాకరణాలు రాసినవాళ్ళకు కావలసింది పాపాల చిట్టా. 1524లో పెద్రో దె అల్వరాదో సైన్యంతో గ్వాటెమాలా కొండల్లోకి వచ్చాడు, అతని వెనకే క్రైస్తవ సన్యాసులు వచ్చారు. ఊరివాళ్ళు చెప్పుకునే పాపం అర్థమైతేనే కదా క్షమించేది! అందుకని భాష నేర్చుకున్నారు, నిఘంటువులు కట్టారు, వ్యాకరణాలు రాశారు. వాళ్ళలో కొందరికి ఆ భాషల మీద నిజంగానే మక్కువ కలిగింది, అది కాదనను. ఫ్రాన్సిస్కో దె లా పార్రా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసికి, గొంతు బిగపట్టి పలికే హల్లులు స్పానిష్ అక్షరాల్లో ఇమడవని 16వ శతాబ్దంలోనే తెలిసిపోయింది. 4 అంకెలా ఉండే గుర్తు ఒకటి, తిరగేసిన 3 లాంటిది మరొకటి పెట్టాడు. నాలుగున్నర శతాబ్దాల కిందటి మనిషి చెవి అంత నిక్కచ్చిగా ఉందంటే దణ్ణం పెట్టాల్సిందే.

18వ శతాబ్దం మొదట్లో చిచికాస్తెనాంగో చర్చిలో ఉన్న ఫ్రాన్సిస్కో హిమేనెస్‌ది ఇంకో కథ. మాయా జాతుల్లో ఒకటైన కిచే ప్రజల సృష్టిగాథ పొపోల్ వూహ్‌ను ఆయన కిచేలో నకలు తీసి, పక్కనే స్పానిష్ అనువాదం రాసుకున్నాడు. అసలు ప్రతి పోయింది, ఈ నకలే మిగిలింది. ఇప్పుడది షికాగోలోని న్యూబెర్రీ గ్రంథాలయంలో ఉంది. దాన్ని ఏ పుస్తకంతో కలిపి కుట్టారో తెలుసా? కక్చికెల్, కిచే, త్సుతుహిల్ అనే మూడు భాషలకు హిమేనెస్ రాసిన వ్యాకరణంతో, పాపనివేదన చేయించే పద్ధతి పుస్తకంతో! ఒక జాతి పురాణం తనను మతం మార్చడానికి వచ్చినవాడి పనిముట్ల సంచిలో దాక్కుని బతికింది.

అయితే ఆ వ్యాకరణాల అచ్చు లాటిన్‌ది. లాటిన్‌లో ఉన్న విభక్తులన్నీ ఇక్కడా ఉండి తీరాలన్నట్టు వెతికారు. నవ్వనక్కర్లేదు, మన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలోనే ఉంది మరి. కానీ మాయా భాషల దగ్గర ఆ అచ్చు పగిలే చోటు ఒకటుంది. కిచేలో ‘షాత్‌వారిక్’ అంటే నువ్వు నిద్రపోయావు. ‘షాతిన్‌విలొ’ అంటే నేను నిన్ను చూశాను. రెండింటిలోనూ నిన్ను సూచించేది ‘ఆత్’ అనే ముక్కే. అదే ‘నువ్వు నన్ను చూశావు’ అనాలంటే ‘షినావిలొ’ అంటారు, అక్కడ ‘ఆత్’ మాయమై ‘ఆవ్’ వస్తుంది. తెలుగులో నిద్రపోయినా, ఎవరినైనా చూసినా కర్త ‘నువ్వే’. కిచేలో నిద్రపోయినవాడూ చూడబడ్డవాడూ ఒక గట్టు మీద కూర్చుంటే, చూసినవాడు ఒక్కడే అవతలి గట్టున ఉంటాడు. తరగతిలో ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసి, కర్త ఏదో చెప్పమని అడిగేవాణ్ణి. తెలివైన పిల్లలు ముందు గాభరాపడి తర్వాత ఆనందించేవాళ్ళు. తెలివి మీరినవాళ్ళు అలాంటి భాష ఉండదని వాదించేవాళ్ళు.

ఇరవయ్యో శతాబ్దంలోకి వద్దాం. 1917లో స్పానిష్ బైబిళ్ళు అమ్ముకోవడానికి గ్వాటెమాలా వచ్చిన అమెరికన్ కుర్రాడు విలియం కామెరాన్ టౌన్‌సెండ్, కక్చికెల్ నేర్చుకుని, 1931 నాటికి కొత్త నిబంధనను ఆ భాషలోకి తెచ్చాడు. తర్వాత ప్రపంచమంతా పాకిన సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్‌కు మూలపురుషుడు ఆయనే. యుకతాన్‌లో షికాగో విశ్వవిద్యాలయపు మాన్యుయెల్ ఆంద్రాదె 1930లలోనే జనం మాటల్ని రికార్డు చేశాడు. ఇవన్నీ పెద్ద పనులే. అయినా ఊరివాళ్ళ వాటా మాత్రం ఒకటే. పరిశోధకుడు అడుగుతాడు, వాళ్ళు చెబుతారు. పుస్తకం ఆయన పేరున, ఆయన దేశంలో అచ్చవుతుంది.

నేను అరకు వైపు ఊళ్ళలో కూర్చుని తెలుగులో ప్రశ్నలు వేస్తూ గిరిజన భాషల వాక్యాలు రాసుకున్న రోజుల్లో మా అందరి పద్ధతీ అదే. తెలుగులో అడిగితే జవాబు కూడా తెలుగు వాసన కొడుతూ వస్తుంది. గ్వాటెమాలాలో స్పానిష్‌లో అడిగేవాళ్ళకూ అదే ఇబ్బంది. మామ్ అనే మాయా భాషలో క్రియ ముందొస్తుంది. స్పానిష్ వాక్యం ఇచ్చి అనువదించమంటే, పాపం ఎదుటివాడు మర్యాదకు స్పానిష్ వరసలోనే చెప్పేయగలడు. భాష పట్టుబడాలంటే కథలు చెప్పించుకోవాలి, పొలం సంగతులు మాట్లాడించాలి, ఆ రికార్డులు ముందు పెట్టుకుని ఒక్కో ముక్కా విప్పాలి. ఆ విప్పే పని ఆ భాష సొంతమైనవాడు చేస్తే మరీ మేలు.

ఈ చివరి మాటను ఆచరణలో పెట్టిన ఊరు ఆంటిగ్వా. అగ్నిపర్వతాల నడుమ, భూకంపాలకు కూలిన చర్చిల మధ్య ఉండే పాత రాజధాని. 1970ల మొదట్లో అక్కడి ఫ్రాన్సిస్కో మరోకిన్ భాషా సంస్థలో టెరెన్స్ కౌఫ్‌మన్, నోరా ఇంగ్లండ్, జూడిత్ మాక్స్‌వెల్ వంటి యువ భాషావేత్తలు చేరి మాయా యువకులకే ధ్వనిశాస్త్రం, పదనిర్మాణం, నిఘంటువు కట్టే పద్ధతి నేర్పారు. వచ్చినవాళ్ళు కొండ ఊళ్ళవాళ్ళు, పెద్ద చదువులు చదవనివాళ్ళు. సంస్థ ఖర్చులకు డబ్బెక్కడిది? విదేశీయులకు స్పానిష్ నేర్పే బడి నడిపి సంపాదించారు! ఈ కిటుకు నాకు భలే నచ్చుతుంది. క్రమంగా సంస్థ పగ్గాలు మాయా వాళ్ళ చేతికే వచ్చాయి.

నోరా ఇంగ్లండ్ తన మామ్ వ్యాకరణానికి పనిచేసిన ఊరు ఉవేవెతెనాంగో ప్రాంతంలోని సాన్ ఇల్దెఫోన్సో ఇష్తావకాన్. 1977లో ఆ ఊరి గని కార్మికులు రాజధాని దాకా కాలినడకన వెళ్ళారు, దారి పొడుగునా జనం వాళ్ళ వెంట చేరారు. వ్యాకరణ పుస్తకాల్లో ఇలాంటివి కనబడవు, ఉదాహరణ వాక్యాలకు తేదీలుండవు కదా. 1983లో ఆ పుస్తకం వచ్చేనాటికి కొండల్లో సైన్యం ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టింది. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు రెండు లక్షలకు పైనే అని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలని సత్యశోధన సంఘం తేల్చింది. హకల్తెక్ భాషవాడైన బడిపంతులు విక్టర్ మొంతెహో 1982లో ప్రాణాలు దక్కించుకుని దేశం విడిచాడు, తర్వాత అమెరికాలో మానవశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఇంత నెత్తురు పారిన దేశంలో అక్షరాల కోసం కొట్లాటా అని మీరనుకోవచ్చు. కానీ జరిగింది. మిషనరీల రాతలో స్పానిష్ లెక్క ప్రకారం ఒకే ‘క’ ధ్వనికి తర్వాత వచ్చే అచ్చును బట్టి రెండు రకాల రాతలు ఉండేవి. స్పానిష్ చదవడం వచ్చినవాడికి సులువని వాళ్ళ వాదన. మా భాష స్పానిష్‌కు నిచ్చెనమెట్టు కాదు, ఒక ధ్వనికి ఒకే గుర్తుండాలి, అన్ని మాయా భాషలకూ అదే పనికి రావాలి అని మాయా భాషావేత్తల వాదన. దానికి కావలసిన ధ్వనిశాస్త్రం వాళ్ళు ఆంటిగ్వాలో చదువుకునే ఉన్నారు. 1987లో ప్రభుత్వం ఉమ్మడి అక్షరమాలను ఆమోదించింది. 1990లో మాయా భాషల అకాడమీకి చట్టం వచ్చింది.

1989లో కెత్సల్తెనాంగోలో మాయా భాషావేత్తల సమావేశం జరిగింది. అక్కడ మాయా మేధావి దెమెత్రియో కోహ్తీ విదేశీ పరిశోధకుల్ని నిలదీశాడు. తటస్థ శాస్త్రం అన్నది ఈ దేశంలో లేదు, మీరు మాయాల పక్షమో కాదో తేల్చుకోండి అన్నది ఆయన వాదన. సభలో చిన్నబుచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు. నా దృష్టిలో అది మాయా భాషాశాస్త్రానికి జరిగిన అతి పెద్ద మేలు. 1992లో అమెరికా భాషాశాస్త్ర సంఘం పత్రిక ‘లాంగ్వేజ్’లో నోరా ఇంగ్లండ్ తన తోటి పరిశోధకులకు రాసింది కూడా అదే. మాట్లాడేవాళ్ళకు శిక్షణ ఇవ్వండి, మీ ఫలితాలు వాళ్ళకు అందేలా అచ్చువేయండి అని. అప్పటికే ఆమె ఆంటిగ్వాలో ఒహ్లాహూహ్ కేహ్ అనే మాయా భాషావేత్తల బృందంతో కలిసి పనిచేస్తోంది. ఆ బృందం సొంత భాషలకు సొంత వ్యాకరణాలు రాసింది. కాందెలారియా లోపెస్ ఇష్కోయ్ రాసిన కిచే వ్యాకరణం 1997లో వచ్చింది.

మన దగ్గర గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరలకు బడులు పెట్టి, 1931లో వాళ్ళ భాషకు వ్యాకరణం ఇచ్చారు. ఆయన చేయాల్సింది చేశారు. సవర, కువి, కోయ, గోండి ఇళ్ళలో పుట్టిన పిల్లలకు మన భాషాశాస్త్ర శాఖలు ఇకనైనా సీట్లూ స్టైపెండ్లూ ఇచ్చి, వ్యాకరణం రాసే పని వాళ్ళకు నేర్పాలి. పరిశోధన పత్రం మీద మొదటి పేరు వాళ్ళదే వేయాలి.